గేటు బయట డప్పు

డొంకూరులో నేనుంటున్న అద్దె ఇంట్లో గోడకి ఒక డప్పు వేలాడుతూ ఉంటుంది. మా అయ్యది. అయ్య 2022లో పోయాడు. అప్పట్నించీ దాన్ని ఎవరూ కాయలేదు, కొట్టలేదు. తోలు సడలిపోయింది. నా కొడుకు అప్పుడప్పుడు కుర్చీ ఎక్కి దాన్ని వేలితో మీటుతాడు. "అమ్మా, ఇది మోగదేటే?" అంటాడు. ఎండుగడ్డి మంట మీద కాస్తే మోగుతుందిరా అంటాను. కానీ కాయను. అది మోగితే నాకు ఒక రాత్రి గుర్తొస్తుంది. ఆ రాత్రి నేను నవ్వేను. ఆ నవ్వు సంగతి చెప్పుకోడానికే ఇది రాస్తున్నాను.

మాది పలాసకి తూర్పున, ఉద్దానంలో ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరికి దిగువనున్న మాలపేట. పేరు రాయను. కేసు పెట్టినవాళ్లూ, పెట్టించుకున్నవాళ్లూ ఇంకా అదే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్నారు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడి, పనస. చూడ్డానికి వచ్చినవాళ్లు కోనసీమలా ఉందే అంటారు. ఆ చెట్ల కింద మా వాళ్లకి నీడ ఉంది గానీ చెట్టు లేదు. చెట్టెక్కి కాయ దింపేది మేము, కాయ మోసేది మేము, చెట్టు మాత్రం వాళ్లది.

మా అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టేది. పిక్క పగిలినప్పుడు కారే జీడి చేతుల్ని తినేస్తుంది. బూడిద రాసుకున్నా తినేస్తుంది. ఆధార్ తీసిన రోజు మా అమ్మ వేలిముద్రలు ఎంతకీ పడలేదు. మెషిన్ దగ్గర కుర్రాడు విసుక్కుని, "నీకు వేళ్లు లేవేటమ్మా?" అన్నాడు. ఉన్నాయి బాబూ, మీరు తినే పప్పులో ఉన్నాయి అని నేనప్పుడు అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

అయ్య చిన్నప్పుడు బుగత ఇంట్లో కంబారి. తర్వాత కూలి. కానీ ఊళ్లో ఆయన్ని కూలోడని ఎవరూ పిలవలేదు, డప్పోడు అనే పిలిచేవారు. పెళ్లికి ఒక దెబ్బ, జాతరకి ఒక దెబ్బ, చావుకి ఒక దెబ్బ. కళ్లు మూసుకుని విన్నా అది ఎవరింటి కబురో చెప్పగలిగేవాళ్లం. పెళ్లిలో అందరికంటే ముందు నడిచేది మా అయ్య. భోజనాల దగ్గర అందరికంటే ఆఖర్న కూర్చునేదీ మా అయ్యే. కూర్చునేది కూడా పందిట్లో కాదు, పశువుల కొట్టం పక్కన.

మా పేటలో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. హాస్టల్లో ఉండి చదివేను. బియ్యీడీ చేసేను. 2016లో డొంకూరులో టీచరుద్యోగం వచ్చింది. కిందటి బదిలీల్లో బడి మారింది గానీ ఇల్లు మారలేదు. డొంకూరు ఇచ్ఛాపురం మండలంలో, ఒరిస్సా సరిహద్దులో, సముద్రం ఒడ్డునున్న ఊరు. చేపలు పట్టి బతికేవాళ్ల ఊరు. ఇల్లు అద్దెకి అడిగిన రోజున ఇంటామె, ముసలమ్మ, అందరూ అడిగేదే అడిగింది.

"మీరేటోళ్లమ్మా?"

"మాలోళ్లం."

ఆమె కాసేపు సముద్రం వైపు చూసింది. "వల లాగినప్పుడు అందరం ఒకటే గాని, ఒడ్డెక్కితే ఒకటి కాం కదమ్మా. సర్లే, ఉండు. బావి నీళ్లు మాత్రం నేనే తోడి పోస్తాను" అంది. రెండేళ్లు తోడి పోసింది. తర్వాత మోకాళ్ల నెప్పులొచ్చి, "నువ్వే తోడుకో, నాక్కూడా ఒక బిందె పొయ్యి" అంది. మా ఇద్దరి మధ్య అంటరానితనాన్ని ఏ చట్టం తీసిందో నాకు తెలీదు గానీ, మోకాళ్ల నెప్పులు మాత్రం కొంత తీశాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నేను మా ఊరు చేరేసరికి మూడో రోజు. రోడ్డు పొడుగునా చెట్లు పడున్నాయి. తాతలు వేసిన కొబ్బరి చెట్లు, పుల్లలు విరిచి పారేసినట్టు పడున్నాయి. మా పేటలో పైకప్పు ఉన్న ఇల్లు లేదు. ఎన్యూమరేషన్‌కి వచ్చినవాళ్లు పడిపోయిన చెట్లు లెక్క పెట్టుకున్నారు. చెట్టుకింతని రాసుకున్నారు. రాసుకోవలసిందే, చెట్టు పోయినవాడి ఏడుపు తక్కువది కాదు. కానీ కొబ్బరి చెట్టు మళ్లీ కాపుకొచ్చేదాకా ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లన్నీ చెట్టెక్కే పని లేకుండా బతకాల్సిన మనిషికి కాలమ్ ఏదీ ఆ కాగితంలో లేదు.

కరెంటు రోజుల తరబడి లేదు. మోటార్లు తిరగలేదు. నీళ్లు ట్యాంకరు మీద వచ్చేవి. ట్యాంకరు ఊరి మొదట్లో ఆగేది, మా పేట దాకా వచ్చేది కాదు. మా చిన్నాయన కొడుకు, ఇరవై రెండేళ్లవాడు, ఒక పొద్దున్న బిందె తీసుకెళ్లి వరసలో నిలబడ్డాడు. "మీరు ఆఖర్న" అన్నారు. "ముందొచ్చినాను గదా" అన్నాడు. అంతే. బిందె సొట్టలు పోయింది, వాడి చెయ్యి విరిగింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కట్టించడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. స్టేషన్లో ఒకాయన, "తుపానులో కూడా మీకు కులమేనా?" అని మమ్మల్నే అడిగాడు.

ఇలాంటప్పుడు, ఆ డిసెంబరు 10న, మా దగ్గరి పట్నంలో ఒక సభ పెట్టేరు. మానవ హక్కుల దినం నాడు తుపాను బాధితుల కోసం సంగీతం, హాస్యం. పోస్టరు మీద గిటారు బొమ్మ, పక్కన నోరారా నవ్వుతున్న ముఖం బొమ్మ. టికెట్టు రెండు వందలు. టీచర్లందరికీ తలా రెండు టికెట్లు అంటగట్టేరు. పెట్టినవాళ్ల పేర్లు రాయను. మంచి మనసుతోనే పెట్టేరు. అందుకే ఆ సంగతి రాయడం కష్టంగా ఉంది. చెడ్డవాళ్ల గురించి రాయడం సుళువు.

అతిథులకి స్వాగతం చెప్పడానికి గేటు దగ్గర డప్పులు కావాలన్నారు. మా అయ్యనీ, ఇంకో ముగ్గుర్నీ పిలిచేరు. మనిషికి అయిదొందలు. పైకప్పు లేని ఇంటికి అయిదొందలు చిన్న డబ్బు కాదు. అయ్య వెళ్లేడు. నేను మా బడిలో టీచరొకామెతో కలిసి మూడో వరసలో కూర్చున్నాను. లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర అయ్య కొడుతున్నాడు. నన్ను చూసి కళ్లతోనే నవ్వేడు. నేను పక్కనున్నామెకి "మా నాన్న" అని చెప్పలేదు. చెప్పకూడదనుకోలేదు. చెప్పడం కుదరలేదు. అప్పుడు అలా అనుకున్నాను.

మొదట ఒకాయన మాట్లాడేడు. బాగా చదువుకున్నాయన. 1976లో లండన్లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ అనే సంస్థ కోసం హాస్యగాళ్లంతా కలిసి ఒక థియేటర్లో మూడు రాత్రులు ఆడేరనీ, తర్వాత్తర్వాత రాక్ గాయకులు కూడా వాళ్లతో కలిసేరనీ, ఆ డబ్బు జైళ్లలో మగ్గుతున్న వాళ్ల కోసం వాడేరనీ చెప్పేడు. పాటా నవ్వూ కలిస్తే జనం హక్కుల గురించి వింటారు, మనమూ ఆ దారినే నడుద్దాం అన్నాడు. నాకు నచ్చింది. నిజంగా నచ్చింది.

తర్వాత విశాఖపట్నం నించి వచ్చిన నలుగురు కుర్రాళ్లు వాయించేరు. రెండు గిటార్లు, ఒక కీబోర్డు, డ్రమ్ములు. అంతకుముందు నేను రాక్ సంగీతం టీవీలో విన్నదే. ఎదురుగా వింటే వేరు. డ్రమ్ము దెబ్బ చెవికి రాలేదు, గుండెకి వచ్చింది. జాతరలో అయ్య పక్కన నిలబడ్డప్పుడు ఇలాగే ఉండేది కదా అనుకున్నాను. బయట గేటు దగ్గరా ఇదే మోగింది, లోపల వేదిక మీదా ఇదే మోగుతోంది, మధ్యలో ఒక గేటు అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

తర్వాత మిమిక్రీ ఆయన వచ్చేడు. సినిమా నటులు, నాయకులు, రైలుబండి, కుక్కల కొట్లాట. హాలు పడిపోయింది నవ్వుల్తో. "ఇప్పుడు మన శ్రీకాకుళం స్పెషల్" అన్నాడు. ఎవరో పక్కనించి ఒక డప్పు తెచ్చి అందించేరు. ఆయన దాన్ని మెడలో వేసుకుని, కాళ్లు తడబడుతూ, నాలిక మడతపడుతూ, తాగిన డప్పోడయ్యేడు. "నానేటి సేసినాను బావూ... ఒక్క సుక్క ఏసుకున్నాను బావూ..." డప్పు మీద అడ్డదిడ్డంగా కొట్టి, పడబోయి, లేచి, దండాలు పెట్టి. హాలంతా నవ్వింది. నా పక్కనామె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

నేనూ నవ్వేను.

నవ్వొచ్చింది కాబట్టి నవ్వేను. ఆయన బాగా చేసేడు. ఆ యాస మా యాసే, ఆ తడబాటు మా పేటలో నేను చూసిందే. హాస్టల్లో చేరిన మొదటి నెలలో ఆ యాసకే నన్ను అందరూ నవ్వితే, రాత్రిళ్లు దుప్పట్లో దూరి నాలిక తిప్పుకుని "నాను" ని "నేను" చేసుకున్నాను. అలా దిద్దుకున్న నాలికతో, ఆ హాల్లో మూడో వరసలో కూర్చుని, దిద్దుకోని నాలికని చూసి నవ్వేను.

అప్పుడు డప్పు అంచున ఎర్ర రిబ్బను కనబడింది. బడికెళ్లే రోజుల్లో నా జడకి కట్టుకున్న రిబ్బను. పాతబడితే అయ్య తీసుకుని డప్పుకి చుట్టుకున్నాడు. గేటు దగ్గర ఆయన చేతిలోంచి తీసుకొచ్చేరన్నమాట. పక్క తలుపు వైపు చూసేను. అయ్య అక్కడ నిలబడి ఉన్నాడు. తన డప్పు వెనకాలే వచ్చినట్టున్నాడు. రెండు చేతులూ ఖాళీగా, ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు ముందుకి కట్టుకుని ఉన్నాడు. ఆయన వేదికని చూడ్డం లేదు. నన్ను చూస్తున్నాడు.

నా నోరు ఇంకా తెరిచే ఉంది.

మా అయ్య తాగేవాడు కాదు. ఆ మాట రాసేక నాకే తప్పనిపించింది. తాగినా అది తప్పే అయ్యేది కాదు. చావు ఇళ్ల ముందు రాత్రంతా కొట్టేవాడికి ముందుగా సారా పోసి, పొద్దున్న తాగుబోతని పేరు పెట్టినవాళ్లెవరు? అయినా ఆ మాట రాసేను. అయ్య తరపున సర్టిఫికెట్టు చూపించాలన్న అలవాటు నాకింకా పోలేదు.

ఇంటికి ఆటోలో వెళ్లేం. చాలాసేపు అయ్య మాట్లాడలేదు. ఊరి దగ్గరికొచ్చేక అన్నాడు. "ఆడు దెబ్బ తప్పేసినాడే అమ్మా. పెళ్లి దెబ్బ మొదలెట్టి సావు దెబ్బలోకి ఎల్లిపోనాడు. ఆడికి తెలీదు." అంతే. నవ్వు గురించి ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండేది.

ఆ సభలో వచ్చిన డబ్బుతో దుప్పట్లు, గిన్నెలు పంచేరు. లిస్టు ఊరి పెద్దలిచ్చిందే తీసుకున్నారు. మా పేట ఆ లిస్టులో లేదు. నీళ్ల దగ్గర విరిగిన చెయ్యి సంగతి ఆ హక్కుల సభలో ఎవరికీ తెలీదు. తెలిసిన మనిషి ఒక్కర్తి ఆ హాల్లో ఉంది. ఆమె మూడో వరసలో కూర్చుని నవ్వింది.

తర్వాత నేను ఆ లండన్ సంగతులు వెతికి చదివేను. కోపంతోనే మొదలుపెట్టేను. చదివేకొద్దీ కోపం దారి మార్చుకుంది. ఆ లండన్ ప్రదర్శనల్లో 1979లో పీటర్ కుక్ అనే హాస్యగాడు ఒక జడ్జి వేషం వేసేడు. అప్పుడే ఇంగ్లండులో ఒక పెద్ద నాయకుడి మీద హత్యకు కుట్ర కేసు నడిచింది. తీర్పుకి ముందు జడ్జి జ్యూరీతో మాట్లాడిన తీరు ఏకపక్షంగా ఉందని దేశమంతా చెప్పుకుంది. కొద్ది రోజుల్లోనే కుక్ ఆ జడ్జిని వేదిక మీద నిలబెట్టి ఉతికేసేడు. అంటే అక్కడ నవ్వు జడ్జి మీద. మా దగ్గర నవ్వు డప్పోడి మీద. ఆ సభలో ఉపన్యాసమిచ్చిన పెద్దాయన పాటా నవ్వూ కలపడం వరకే తెచ్చుకున్నాడు. ఎవర్ని చూసి నవ్వాలన్నది అక్కడే వదిలేసి వచ్చేడు.

ఇంకో సంగతి తెలిసింది. 1988లో, నేను పుట్టిన ఏడాది, ఆమ్నెస్టీ వాళ్లు ప్రపంచమంతా తిరిగి ఇరవై కచేరీలు చేసేరు. విశ్వ మానవ హక్కుల ప్రకటనకి నలభై ఏళ్లు నిండిన సందర్భం. సెప్టెంబరు 30న ఢిల్లీలో, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పాడేరు. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, స్టింగ్, పీటర్ గాబ్రియేల్, ట్రేసీ చాప్‌మన్, యూసూ ఎన్‌దూర్. ఆ యాత్ర ఖర్చులో కొంత భరించింది రీబాక్ అనే బూట్ల కంపెనీ. చెప్పులేసుకుని ఊరి వీధిలో నడిచినందుకు మనుషుల్ని కొట్టిన దేశానికి బూట్ల కంపెనీ డబ్బుతో హక్కుల పాట వచ్చిందన్నమాట. అప్పటికి కారంచేడులో ఆరుగుర్ని చంపి మూడేళ్లయింది, 1985 జులై 17న. ఇంకో మూడేళ్లకి, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మందిని చంపేరు. ఆ స్టేడియంలో చప్పట్లు కొట్టినవాళ్లకి కారంచేడు ఎక్కడుందో తెలుసా?

ఆ అయిదుగురిలో యూసూ ఎన్‌దూర్ దగ్గర నేను ఆగిపోయేను. ఆఫ్రికాలో సెనెగల్ దేశం ఆయనది. తల్లి వైపు వాళ్లు గ్రియోలు. గ్రియోలంటే అక్కడ పాట పాడి, వాయించి, వంశాల కథలు చెప్పి బతికే కులం. కులమే. వాళ్లని పాటకి పిలుస్తారు, పెళ్లి సంబంధానికి పిలవరు. ఒకప్పుడు వాళ్లు చనిపోతే అందరితో పాటు భూమిలో పాతిపెట్టనివ్వకుండా, బావొబాబ్ చెట్టు తొర్రల్లో పెట్టేవారట. ఆ సంగతి అయ్యకి చెప్పేను. చాలాసేపు ఆలోచించి అన్నాడు. "ఆళ్లకి చెట్టన్నా ఇచ్చినారు."

నవ్వేను. ఈసారి ఇద్దరం నవ్వేం.

రాక్ అన్నదాని మూలం కూడా అమెరికాలో బానిసలై పత్తి తీసిన నల్లవాళ్ల పాటల్లోనే ఉంది. తెల్లవాళ్లు దాన్ని తీసుకుని కోట్లు గడించేరు. డప్పు ఎవరి మెడలో ఉంది, డబ్బు ఎవరి జేబులో ఉంది అన్నది అన్ని దేశాల్లోనూ అడగాల్సిన ప్రశ్నే. కాబట్టి గిటారు మీద నాకు కోపం లేదు. 2018 జనవరిలో మద్రాసులో పా. రంజిత్ చొరవతో క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అని కుర్రాళ్లు గానా పాటనీ, రాక్‌నీ, ర్యాప్‌నీ కలిపి కులం మీద పాడేరు. అక్కడ చావు డప్పు వేదిక మధ్యలోకి వచ్చింది.

మనకి మాత్రం లేదా? బుర్రకథలో కథకుడికి ఒక పక్క రాజకీయం, ఇంకో పక్క హాస్యం. నాజర్ ఆ ముగ్గుర్ని పెట్టుకునే పాలకుల్ని వణికించేడు. మా ఉద్దానంలో, బొడ్డపాడులో, గుళ్లో పూజారి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ కట్టి ఊరూరా చెప్పేడు. 1969 డిసెంబరులో ఆయన్ని చంపేసేరు. పార్వతీపురం వైపునించి వచ్చిన వంగపండు ప్రసాదరావు మా యాసలోనే, దిద్దుకోని నాలికతోనే పాడి దేశమంతా తిప్పేడు. ఆ పాటలకి టికెట్టు లేదు, గేటూ లేదు. హుద్‌హుద్ తుపాను తర్వాత 2014 నవంబరు 30న సినిమావాళ్లు 'మేము సైతం' అని రోజంతా టీవీలో పాటలు, స్కిట్లు, ఆటలు ఆడి డబ్బు పోగు చేసేరు. దాన్నీ నేను తక్కువ చెయ్యను. కానీ అది జాలి. కింద పడ్డవాడికి చెయ్యందించడం. ట్యాంకరు దగ్గర మా తమ్ముడు అడిగింది జాలి కాదు, వరస.

2019లో కేసు కోర్టుకొచ్చింది. శ్రీకాకుళం వెళ్లి రావాలంటే బస్సు చార్జీలు, ఆ రోజు కూలి పోవడం, సాక్షుల భోజనాలు. నా జీతంలోంచి ఇచ్చేను. ఒకరోజు అయ్య అన్నాడు. "నీ డబ్బులు అవసరం నేదు. నాకు నవ్వించడం వచ్చు."

ఆ డిసెంబరు 10న మా పేటలో, అంబేద్కర్ విగ్రహం ముందు, మేమే ఒక రాత్రి పెట్టేం. డొంకూరు నించి ఒక కుర్రాడు గిటారు పట్టుకొచ్చేడు. గుజరాత్ వెళ్లి వెరావల్లో బోట్ల మీద పనిచేసి, తిరిగొస్తూ సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కొచ్చిన గిటారు. నా దగ్గర చదువుకున్న పిల్లడే. మా అయ్యా వాడూ మూడు ఆదివారాలు కుస్తీ పట్టేరు. వాడు గిటారు తీగ బిగిస్తాడు, అయ్య డప్పు మంట మీద కాస్తాడు, మళ్లీ వాడు బిగిస్తాడు. "నీది సెవి మెలేస్తే పలుకుతాది, నాది ఒళ్లు కాలితే పలుకుతాది" అన్నాడు అయ్య. నేను ఎమ్మే చదివినా ఇంత మాట అనలేకపోదును.

డొంకూరు నించి ఒక ఆటోడు జనం వచ్చేరు. నేను పిలిచినవాళ్లలో రానివాళ్లే ఎక్కువ. మా ఇంటి ముసలమ్మ వచ్చింది. మా అమ్మ టీ ఇస్తే ఒద్దంది. పాటలన్నీ అయ్యేక మళ్లీ ఇస్తే తాగింది.

ఆ రాత్రి అయ్య ఎన్యూమరేటరు వేషం వేసేడు. నా పాత కళ్లద్దాలు, చంకలో రిజిస్టరు. ఎదురుగా మా మావ.

"నీకెన్ని సెట్లు పడిపోనాయి?"

"నాకు సెట్లు నేవు బావూ. సెట్టెక్కీవోడిని."

"అయితే నువ్వు పడిపోనావా?"

"పడిపోనాను బావూ, కిందటేడు. నడుం ఇరిగింది."

"తుపానుకి పడ్డావా, నీ అంతట నువ్వే పడ్డావా?"

"పనికి పడ్డాను బావూ."

"పనికి పడితే రాయడానికి కాలం నేదు. సెట్టు పడితే డబ్బులు, సెట్టు మీంచి మనిసి పడితే పాపం."

జనం నవ్వి నవ్వి కింద కూర్చుండిపోయారు. తర్వాత స్టేషన్ వాళ్ల వంతు వచ్చింది. "తుపానులో కూడా మీకు కులమేనా" అన్న మాట యథాతథంగా వచ్చింది. తర్వాత నా వంతు. అయ్య నా హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పేట బురదలో కాలి వేళ్ల మీద నడిచేడు. "నాను కాదు, నేను! అనండి పిల్లలూ, నే...ను!" అన్నాడు. పేటంతా నన్ను చూసి నవ్వింది. నా ముఖం మండిపోయింది. తర్వాత నేనూ నవ్వేను. ఏడాది నించి గొంతులో ఉన్న ముల్లు అప్పుడు కదిలింది. ఆ రాత్రి హాల్లో నా నవ్వు చూసి తిట్టని మనిషి, ఏడాది ఆగి, అందర్లో, డప్పు దెబ్బ మీద తిట్టేడు. ఆయన క్షమించిన తీరు అది.

స్టీలు తపేలాలో పడ్డవి నాలుగువేల మూడొందల పది రూపాయలు. దాంట్లో రెండు రూపాయల బిళ్లలే ఎక్కువ.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది. కానీ ఇది కథ కాదు. ఆ డబ్బు నాలుగు వాయిదాలకి సరిపోయింది. 2020 మార్చిలో కరోనా వచ్చి కోర్టులు మూసేసేరు. తోటల్లో పని లేదు, పలాసలో జీడి పని లేదు. ఊరి పెద్దలు కబురు పెట్టేరు. ఆ చట్టం కింద కేసు రాజీ పడటానికి వీల్లేదంటారు. కాగితం మీద వీల్లేదు. సాక్షులు మాట మార్చుకోడానికి మాత్రం వీలుంది. 2021లో కేసు పోయింది. నేను మా తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. కారంచేడు అన్నాను, చుండూరు అన్నాను. మన జిల్లాలోనే, అప్పటికి మన జిల్లాలోదే, లక్ష్మింపేటలో 2012 జూన్ 12న అయిదుగుర్ని చంపితే ఆ ఆడవాళ్లెలా నిలబడ్డారో చూడలేదా అన్నాను. వాడు విరిగి అతికిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని అంతా విన్నాడు.

"అక్కా, నీకు నెల తిరిగేసరికి జీతం పడతాది. నాకు ఆళ్ల తోటలో పని పడాల" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎనిమిది శవాలున్న కేసే అలా అయితే, ఒక విరిగిన చెయ్యి ఎంతకాలం నిలబడుతుంది? వాడిప్పుడు హైదరాబాదులో లిఫ్టులు బిగించే పని చేస్తున్నాడు. హక్కుల కోసం పాడే ప్రతివాళ్లనీ నేను అడిగేది ఒకటే. మీ పాట అయిపోయిన తెల్లారి, ఫిర్యాదు చేసినవాడికి పని ఎవరిస్తారు? లండన్‌కీ ఢిల్లీకీ ఈ ప్రశ్న లేదు. ఉద్దానానికి ఉంది.

అదే ఏడు అయ్యకి కిడ్నీలు పోయాయని తేలింది. ఉద్దానంలో అది కొత్త కబురు కాదు. నీళ్లంటారు, మందులంటారు, ఎండలో పనంటారు. ఎందుకు పోతున్నాయో ఇప్పటికీ తేలలేదు. వారానికి రెండుసార్లు డయాలసిస్. పలాసలో పెద్ద ఆస్పత్రి 2023 డిసెంబరులో తెరిచేరు, అయ్య దాన్ని చూడలేదు. చివరి నెలల్లో డప్పు మెడలో వేసుకునే ఓపిక లేక, మంచం పట్టె మీద వేళ్లతో కొట్టేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది పెళ్లి దెబ్బ. ఇది సావుది. తేడా తెలిసిందా?" అనేవాడు. ఆడపిల్లకి డప్పేటని మా పేటలోనే కొందరన్నారు. "ఆ మిమిక్రీ ఓడికి తేడా తెలీలేదు. దీనికన్నా తెలియాల" అన్నాడు.

పోయేముందు ఒక మాట చెప్పేడు. "నా సావుకి డప్పొద్దు. ఊరందరి సావులకీ నానే కొట్టినాను. నాకు కొట్టకండి." కొట్టలేదు. నిశ్శబ్దంగా తీసుకెళ్లేం. ఉద్దానంలో డప్పు లేకుండా పోయిన మాలవాడి శవం అదే మొదటిదేమో.

మొన్న వెరావల్ నించి గిటారు కుర్రాడు ఫోన్ చేసేడు. సంక్రాంతికి ముందే వస్తాడట, డిసెంబరు పదికి పేటలో మళ్లీ పెడదామా టీచర్ అంటాడు. డప్పెవరు కొడతార్రా అన్నాను. "మీకు రాదేటి?" అన్నాడు.

ఫోన్ పెట్టేసి గోడ వైపు చూసేను. రిబ్బను రంగు పోయింది గానీ ముడి వదల్లేదు. ఇంటి ముసలమ్మని ఎండుగడ్డి ఎక్కడ దొరుకుతుందని అడిగేను. ఎందుకమ్మా అంది. కాయడానికి అన్నాను.